కొంగ పరిచిన జనుము

సుగుణమ్మ వంగతోటలో నాగలి దిగి మూడేళ్లయింది. జనుము ఏపుగా ఎదగ్గానే తొక్కి నేలమీదే పడేస్తుంది. ఆ చెత్తను కాస్త పక్కకు నెట్టి నారు నాటేస్తుంది. దానికింద ఎప్పుడూ చల్లదనం, తిన్నంత తిండి. ఎర్రమ్మ అనే వానపాముకు ఇంతకన్నా ఏం కావాలి? దిగులల్లా ఒక్కటే. గట్టవతల బోడి చేలో ఆమె అక్క, పిల్లలతో సహా, కాగిన మట్టి అడుగున తిండిలేక ముడుచుకుని ఉంది.

కొంగ దిగులు వేరు. నాగలి వెనకాలే నడుస్తూ, పైకి తేలిన వానపాముల్ని ఏరుకుతినడం వాడికి తాతలనాటి అలవాటు. ఇక్కడ నాగలీ లేదు, కంటికి ఒక్క వానపామూ కనబడదు.

ఒక ఉదయం కొంగ గట్టుమీద వాలి గొంతు తగ్గించాడు.

“ఎర్రమ్మత్తా! రేపు ఈ తోట దున్నుతారట. విని ఊరుకోలేక వచ్చాను. ఇవాళే గట్టు దాటి పొండి.”

పక్కనున్న రోకలిబండ పురుగు ఆ మాటకే చుట్టచుట్టుకుపోయింది. “అయిపోయాం అత్తా!”

ఎర్రమ్మ కూడా గట్టువైపు కదలబోయింది. అంతలోనే తేరుకుంది. నిన్న నాటిన వంగనారు వేరు ఆమె గుమ్మంలోనే ఉంది. నారు నాటిన మూడోనాడు ఎవరైనా దున్నుతారా? ఎండలో గట్టుమీదికి రప్పించి మింగుదామని వీడి ఎత్తు!

“ఎంత మంచి మనసు నాయనా! కానీ మా ఒళ్లు ఎండకి ఆగదు. గట్టు మీదా, అవతలి చేలో నాలుగడుగుల మేరా ఈ జనుము తడిపి పరిచిపెట్టు. అందరం ఒక్కసారే వస్తాం.”

“అందరూనా?” కొంగకు నోరూరింది.

“పిల్లాజెల్లాతో!”

కొంగ ఒక్కో పుల్లా ముక్కున కరిచి, కాలవలో ముంచి, మోశాడు. మెడ పీకింది, కాళ్లు పీకాయి. పొద్దువాలేసరికి పని ముగించి, అవతల కాచుకు కూర్చున్నాడు.

జనుములోని తడి మెల్లగా అవతలి చేని మట్టిలోకి ఇంకింది. అడుగున ముడుచుకున్నవాళ్లు మెల్లగా పైకి పాకి, జనుము కింద చేరి తినసాగారు. అక్క కదలిక గట్టు కిందుగా అందేసరికి ఎర్రమ్మకు తన కడుపే నిండినట్టయింది.

“ఇంకా బయల్దేరలేదేం అత్తా?” కొంగ కేకేశాడు.

“మేమెందుకు నాయనా? మా అక్కావాళ్లు వచ్చేశారుగా! చల్లగా ఉందట. నిన్ను దీవించమంది.”

కొంగ మండిపడి పుల్లలు పీకాడు. ఒక పుల్ల కదిలేలోపే కిందవాళ్లు బొరియల్లోకి జారుకున్నారు. ముక్కుకి మట్టే అంటింది.

రోకలిబండ పురుగు తీరిగ్గా విప్పుకుంది. “ఇక చాల్లే బావా, ముక్కు అరిగిపోతుంది. ఇంటికెళ్లు!”

ఒకరిని ఇంట్లోంచి వెళ్లగొట్టాలని తిరిగేవాడు, ఒక్కోసారి వాళ్ల చుట్టాలకు కూడా ఇల్లు కట్టిపెట్టి పోతాడు.