గవరమ్మ కట్టిన నత్త మూటలు

అనగా అనగా, కంప్యూటర్లకి వీపున పెద్ద మూపురం ఉండే రోజుల్లో, కొండల కింద ఒక సంత ఊరు. ఆ ఊరి బస్టాండు పక్కన జిరాక్సు కొట్టు పెట్టుకుని గవరమ్మ అని ఒకావిడ ఉండేది. చదివింది అయిదో తరగతి. కొట్లో కంప్యూటరు మొరాయించినప్పుడల్లా వాళ్ళనీ వీళ్ళనీ అడిగి లైనక్సు నేర్చుకుంది. తను చెప్పిన మాట కంప్యూటరు మొదటిసారి విన్న రోజు, పొద్దస్తమానం తనలో తనే నవ్వుకుంది ఆ మనిషి.

లైనక్సు అంటే కంప్యూటర్ని నడిపించేది. అందులో బోలెడు రకాలు. ప్రోగ్రాము కంప్యూటర్లోకి ఎక్కాలంటే దాన్ని మూట కట్టి ఇవ్వాలి; ఒక రకానికి కట్టిన మూట ఇంకో రకం మీద ఎక్కదు. అదీ చిక్కు.

ఆ ఊరి జగ్గునాయుడు మాస్టారు పిల్లల కోసం ఒక ప్రోగ్రాము రాశారు. దాని పేరు నత్త. "పది అడుగులు నడు, కుడికి తిరుగు" అని తెలుగులో రాస్తే చాలు, తెర మీద నత్త నడుస్తుంది. నడిచినంత మేరా గీత పడుతుంది. ఇల్లు గీయొచ్చు, పువ్వు గీయొచ్చు. ఆడుతూ ఆడుతూనే పిల్లలకి ప్రోగ్రాము రాయడం వచ్చేస్తుంది.

కొండ మీద మూడు బడులు. జీలుగులోవ, చింతలోవ, పనసలోవ. ముగ్గురు దాతలు మూడు బడులకీ పాత కంప్యూటర్లు ఇచ్చారు. మూడు చోట్లా మూడు రకాల లైనక్సులు. నత్త ఒక్కచోటా ఎక్కలేదు. కంప్యూటర్ల మీద దుమ్ము పేరుకుంది. కొండ బడులు చూసే ఆఫీసరుగారు కబురు పెట్టారు: "వానల్లోపు వస్తాను. వాడకుండా పడున్నవాటిని జీపెక్కించుకుని పోతాను."

మాస్టారు పరుగున గవరమ్మ కొట్టుకి వచ్చారు. "రాయడమైతే రాశాను గానీ గవరమ్మా, మూడు రకాలకీ మూటలు కట్టడం నావల్ల కావడం లేదు."

"నాను కడతాను బాబూ," అంది గవరమ్మ. అనేసి, ఆ పూటే కంప్యూటరు ముందు కూర్చుంది.

మొదటి మూట కట్టి, సీడీలో వేసుకుని జీలుగులోవ ఎక్కింది. కంప్యూటరు ఏమంది? "ఇది లేదు, అది లేదు, నేను ఎక్కించుకోను" అంది. నత్త నడవాలంటే ఇంకొన్ని చిన్న ప్రోగ్రాములు తోడుండాలి. కింద ఊళ్ళో అయితే అవి ఇంటర్నెట్టులోంచి వచ్చి పడతాయి. కొండ మీద ఇంటర్నెట్టు ఎక్కడిది? కొండ దిగింది, మూట విప్పింది, మళ్ళీ కట్టింది, మళ్ళీ కొండెక్కింది. ఈసారి తోడు కావలసినవన్నీ మూటలోనే ఉన్నాయి. నత్త నడిచింది.

చింతలోవది వేరే రకం. అక్కడ మూట కట్టే తీరే వేరు. కొత్తగా కట్టి తీసుకెళ్తే కంప్యూటరు బుద్ధిగా ఎక్కించుకుంది. తీరా తెరిచి చూస్తే అక్షరాలకి బదులు అన్నీ గళ్ళే! ఆ కంప్యూటర్లలో తెలుగు ఫాంటు లేదు. పిల్లలు కిసుక్కున నవ్వారు. గవరమ్మకి మాత్రం ఏడుపొచ్చింది. కొండ దిగింది, మూట విప్పింది, మళ్ళీ కట్టింది, మళ్ళీ కొండెక్కింది. ఫాంటు కూడా మూటలో పెట్టింది. నత్త నడిచింది.

ఇక పనసలోవ. అక్కడి కంప్యూటర్లు అన్నిట్లోకీ ముసలివి. మూట ఎక్కింది గానీ నత్త ఉలకలేదు, పలకలేదు. కొత్త యంత్రాల కోసం తయారైన నత్త ఆ పాత యంత్రానికి అర్థం కాదు. మాస్టారు రాసినదాన్ని ఆ యంత్రం మీదే, దానికోసమే మొదటినుంచీ తయారుచేయాలి. ఈసారి గవరమ్మ కొండ దిగలేదు. ఆ బడి పాపాయమ్మ టీచరింట్లోనే ఉండిపోయింది.

మొదటిసారి సగంలో కరెంటు పోయింది. రెండోసారి కంప్యూటర్లో జాగా చాలక ఆగిపోయింది. అక్కర్లేనివన్నీ తీసేసి మూడోసారి మొదలుపెట్టిందో లేదో, గుమ్మంలో జీపు ఆగింది.

"ఇవేనా మూలపడ్డవి?" అన్నారు ఆఫీసరుగారు.

"ఒక్క పూట ఆగండి సార్, గవరప్ప కడుతోంది," అంది పాపాయమ్మ. అక్కని అక్కడ అప్ప అంటారు.

"ఎందుకమ్మా ఈ తిప్పలు? కొత్త లైనక్సు ఒకటి వేసేస్తే పోదా?"

"అదేస్తే ఇది మరి లెగదు బాబూ," అంది గవరమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే. "పాతదాయె. దీనికి తగ్గట్టు మనమే కట్టాల."

డ్రైవరు మబ్బుకేసి చూశాడు. "వాన పడితే బండి దిగదు సార్." ఆఫీసరుగారు గుమ్మం నిండా నిలబడ్డ పిల్లలకేసి చూశారు. ఏమనుకున్నారో ఏమో, బల్ల లాక్కుని కూర్చున్నారు.

తెర మీద వరసలు పాకుతున్నాయి. ఇది లేదంటుందేమో, అది లేదంటుందేమో అని గవరమ్మ ఒక్కో వరసా చదువుతోంది. బల్బు ఒకసారి మిణుకుమంది. అందరూ ఊపిరి బిగబట్టారు. కరెంటు పోలేదు. చివరికి వరసలు ఆగాయి, నత్త తయారైంది.

గవరమ్మ కుర్చీలోంచి లేచింది. ముందు నిలబడ్డ పిల్లని పిలిచి, "నువ్వు రాయమ్మా," అంది. ఆ పిల్ల ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ "నడు" అని రాసింది.

నత్త నడిచింది.

"హమ్మయ్య!" అని బడంతా ఊపిరి వదిలింది. ఆఫీసరుగారు కూడా వదిలారు. "ఏదీ, నన్నో ఇల్లు గీయనీ," అని కుర్చీలోకి జరిగారు. ఆయన గీసిన ఇంటికి కప్పు నేలలోకి దిగిపోయింది. పిల్లలు పగలబడి నవ్వారు. వాన మొదలవుతుంటే జీపు ఖాళీగా కొండ దిగింది. తయారైన నత్తని మూటకట్టి మిగతా కంప్యూటర్లకీ ఎక్కించి, గవరమ్మ వరండాలో గోడకి ఆనుకుని అలాగే నిద్రపోయింది. పాపాయమ్మ దుప్పటి తెచ్చి కప్పింది.

ఆ తరవాత ఏ బడికి ఏ రకం వచ్చినా గవరమ్మే మూట కట్టేది, పాపాయమ్మ పక్కన కూర్చుని చూసేది. చాలా ఏళ్ళకి, ఒక ఎండాకాలం గవరమ్మ జ్వరమొచ్చి కన్నుమూసింది. ఆ ఏడే మాస్టారు నత్తని మార్చి రాశారు. ఇక మూటలు ఎవరు కడతారని మూడు లోవలూ దిగులుపడ్డాయి. పాపాయమ్మ టీచరు బడిలో ముసలి కంప్యూటరు ముందు కూర్చుంది. గవరమ్మ పక్కన అన్నేళ్ళు ఊరికే కూర్చోలేదు కదా! కట్టింది, విప్పింది, మళ్ళీ కట్టింది. నత్త నడిచింది.

ఇప్పటికీ ఆ కొండల్లో ఎవరు ఏ ప్రోగ్రాము మూటకట్టినా, ముందు అందరికంటే పాత కంప్యూటరు మీద ఎక్కించి చూస్తారు. అక్కడ నడిస్తే "గవరప్ప చూసింది" అంటారు. ఆ మాట విన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు. నిశ్చింతగా బడికి పంపేస్తారు.