పదిహేడు తర్వాత ఇరవై ఒకటి

పురుషోత్తం మాస్టారిని ఏదడిగినా సూటిగా జవాబు రాదు. ఏదో ఒక పని పురమాయించి పంపేస్తారు. ముప్పయ్యేళ్ళ కిందట ఆయన దగ్గర చదరంగం నేర్చుకున్న ఇందుమతికి ఆ సంగతి బాగా తెలుసు. తెలిసీ వచ్చింది, ఇంకెవరినీ అడిగే ఓపిక లేక.

"రెండేళ్ళలో ముగ్గురు కోచ్‌లను మార్చాను మాస్టారూ. నలభై రోజులుగా మా సాహితి బోర్డు ముట్టుకోవడం లేదు. ఆట మానేస్తానంటోంది. మంచి కోచ్‌ని ఎలా పోల్చుకోవాలండీ?"

మాస్టారు పడకకుర్చీలోంచి కదల్లేదు. పిల్ల ఆటల పుస్తకం అడిగి తీసుకున్నారు. పోటీల్లో ఆడిన ప్రతి ఆటనీ ఎత్తు ఎత్తుగా, వరస నంబరు వేసి రాసుకునే పుస్తకమది. నాలుగు పేజీలు తిప్పి ఇచ్చేశారు. "ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు ఇది చూపించు. ఏం అడుగుతారో విను."

ఈ మాత్రం దానికా ఇంత దూరం వచ్చిందని ఇందుమతి ఉసూరుమంది. అయినా మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని బయల్దేరింది.

మొదట వెళ్ళిన కోచ్ హాలు నిండా గెలిచిన కప్పులే. పుస్తకం చకచకా తిప్పి, "అన్నీ గెలుపులేనే! ఆర్నెల్లు నాకు వదిలేయండి," అన్నాడు. ఇందుమతికి ప్రాణం లేచొచ్చింది. సాహితి మాత్రం కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది.

రెండో ఆవిడ జమీలా టీచర్. పిండిమర పైన ఒకే ఒక్క గది. ఆవిడ ఆటలేవీ చదవలేదు, నంబర్లు చూసుకుంటూ పోయింది. "పదిహేడు తర్వాత ఇరవై ఒకటి ఉంది. మధ్యలోవి ఏవమ్మా?" అని పిల్లనే అడిగింది.

ఇందుమతి తల దించుకుంది. ఓడిన ఆటల కాగితాలు చించింది తనే, కొత్త కోచ్‌ల ముందు పిల్ల చులకన కాకూడదని.

సాహితి బోర్డు దగ్గరికి జరిగి పావులు పేర్చింది. పద్దెనిమిదో ఆటని మొదటి ఎత్తు నుంచీ జ్ఞాపకం మీదే ఆడుకుంటూ వచ్చి, ఒక గుర్రం మీద చెయ్యి ఆపింది.

"ఇక్కడ తప్పు చేశాను టీచర్. ఎవరూ అడగలేదు."

సాయంత్రం ఇందుమతి మాస్టారి ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పింది. కోచ్ దొరికిందన్న సంతోషం కూడా ఆమె గొంతులో అలసటగానే పలికింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"చించింది ఎవరని అడిగిందా ఆవిడ?"

"లేదండీ. నా వంక చూడను కూడా లేదు."

"అయితే రేపట్నించి నువ్వు కూడా నేర్చుకోడానికి వెళ్ళమ్మా," అన్నారు మాస్టారు.