నీలం గుడ్డ ఎగిరిన రోజు

మున్నీటిపట్నంలో పుష్కలుడు అనే దారిచూపరి ఉండేవాడు. ఆ ఊరి గురించి ఎంతో తెలిసినవాడే గానీ, తనకు తెలియనిది కూడా ఒకటుందని ఒప్పుకోవడం మాత్రం అతని వల్ల అయ్యేది కాదు.

మున్నీటిపట్నం మామూలు ఊరు కాదు. ముందు సముద్రం, పక్కన పసిడేరు, వెనక ఎడారి. సముద్రం మీద ఓడల్లో మిరియాలు, పట్టు వచ్చేవి. ఎడారి దాటి ఒంటెల మీద ఖర్జూరాలు, అద్దకం రంగులు వచ్చేవి. ఏటి మీద పడవల్లో కొండదేశపు తేనె, ఉన్ని దిగేవి. ఆ ఊరి బజారులో నిలబడి ఎవరైనా తుమ్మితే పది భాషల్లో "చిరంజీవ" అనేవారట!

ఏరు సముద్రంలో కలిసే చోట మట్టిదిబ్బ అని ఒక చిన్న లంక ఉండేది. ఊరు పుట్టింది అక్కడే. మొదట్లో వచ్చిన వర్తకులకు ఒకరి మాట ఒకరికి తెలిసేది కాదు. ఈ చోటు మాదంటే మాదని కొట్లాడుకునేవారు. కొట్టుకుని కొట్టుకుని విసుగెత్తి, చివరికి ఎవరి దేశపు మట్టి వాళ్ళు తెచ్చి ఒకే చోట పోశారు. "ఇక ఇది అందరి నేల" అనుకున్నారు. అప్పటి నుంచి అదే ఆచారమైంది. కొత్తగా వచ్చిన వర్తకుడు ఎవరైనా సరే, తన దేశపు మట్టి పిడికెడు ఆ దిబ్బ మీద పోసి రావాలి. ఆ తర్వాతే బజారులో దుకాణం తెరవాలి. కొత్తవాళ్ళే వెళ్ళాలి, ఊరివాళ్ళు ఒడ్డునే ఆగిపోవాలి. సముద్రం వెనక్కి తీసినప్పుడు ఇసుక మేట బయటపడేది. దాని మీద నడిచి వెళ్ళి నడిచి రావడమే.

ఇదంతా పుష్కలుడు కళ్ళకు కట్టినట్టు చెప్పేవాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం ఉండేది కాదు. చిక్కల్లా తెలియని ప్రశ్న ఎదురైనప్పుడే. "ఆ మేడ మీద కోడి బొమ్మ ఎందుకు పెట్టారు?" అని ఎవరైనా అడిగారనుకోండి. టక్కున ఒక రాజుగారినీ ఒక కోడినీ పుట్టించి, వాళ్ళిద్దరికీ స్నేహం కలిపి, కథ అల్లేసేవాడు. విన్నవాళ్ళు "అబ్బో, ఈయనకు తెలియనిది లేదు!" అని నోరెళ్ళబెట్టేవారు. మెచ్చుకుంటుంటే ఎవరికి చేదు? కోడి కథ వల్ల ఎవరికేం నష్టంలే అని పుష్కలుడు సర్దిచెప్పుకునేవాడు.

ఒకనాటి ఉదయం కొండదేశం నుంచి చమరుడు అనే ఉన్ని వర్తకుడు వచ్చాడు. వెంట భార్య ఊర్ణ, కూతురు ఇల ఉన్నారు. ముగ్గురిలో ఎవరూ అంతకు ముందు సముద్రం చూడలేదు. ఇల అయితే ఒడ్డున నిలబడి, కళ్ళు ఇంతింత చేసుకుని, "నాన్నా, దీనికి అవతలి గట్టు లేదేం?" అంది.

పుష్కలుడు వాళ్ళకు దిబ్బ కథంతా చెప్పాడు. ఊర్ణ తమ ఊరి మట్టి మూట కొంగున కట్టుకుంది. నీళ్ళు తీసి ఉన్నాయి. మేట తెల్లగా మెరుస్తోంది.

"మా కొండల్లో ఆగకుండా వాన, అయ్యా. ఇక్కడ ఎండ చూస్తే ప్రాణం లేచొచ్చింది" అన్నాడు చమరుడు.

అంతలో ఇల రేవు బురుజు వైపు వేలు చూపించింది. "మామయ్యా, ఆ నీలం గుడ్డ ఎందుకు కట్టారు?"

పుష్కలుడు తలెత్తి చూశాడు. బురుజు మీద తెల్లగుడ్డ ఎగిరితే దారి బాగుందని, ఎర్రగుడ్డ ఎగిరితే వెళ్ళకూడదని అతనికి తెలుసు. నీలం గుడ్డ అతను ఎన్నడూ చూడలేదు. అది ఎప్పుడో గానీ ఎగిరేది కాదు. అర్థం రేవు వీధుల వాళ్ళకే తెలుసు, పుష్కలుడు పైవీధిలో పుట్టి పెరిగినవాడు. పోనీ, అడగడానికి మనిషి లేకనా? బురుజు కింద రేవు పెద్ద మాండవమ్మ పడవలను గుంజలకు కట్టిస్తోంది, కేకేస్తే పలుకుతుంది. కానీ కొత్తవాళ్ళ ముందు ఇంకొకరిని అడగడమా? తల తీసేసినట్టు ఉండదూ!

"ఓ, అదా!" అన్నాడు తేలిగ్గా. "నీలం గుడ్డ అంటే సముద్రుడు ప్రసన్నంగా ఉన్నాడని అర్థం. ఈ రోజు మట్టి పోశారంటే మీ వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలే!"

"మరి ఆ బురుజు మీది పెద్ద శంఖం ఎందుకు?" అంది ఇల.

కోటగుమ్మం దగ్గర శంఖం ఊది ఒంటెల బిడారులకు స్వాగతం చెప్పడం పుష్కలుడు రోజూ చూసేవాడు. ఇదీ అదేలే అనుకున్నాడు. "మీకు స్వాగతం చెప్పడానికే. శంఖం వినబడగానే చెయ్యి ఊపండి. మధ్యలో వెనక్కి మాత్రం వచ్చెయ్యకండి, మర్యాదగా ఉండదు" అన్నాడు.

చూశారా, ఒకటి చాల్లేదు, దాని పక్కన ఇంకోటి నిలబెట్టాడు! పాపం, ఆ ముగ్గురూ మారు మాట లేకుండా నమ్మారు. చెప్పులు చేత పట్టుకుని, నవ్వుకుంటూ మేట మీదికి దిగారు.

పుష్కలుడు ఒడ్డున కుంతలమ్మ దుకాణానికి వెళ్ళి అల్లం కషాయం తాగుతూ కూర్చున్నాడు. కాసేపటికి బురుజు మీద శంఖం భోరుమంది. కుంతలమ్మ ఉలిక్కిపడి గబగబా కుండలు ఎత్తసాగింది.

"ఏమిటి పిన్నీ, అంత కంగారు?" అన్నాడు పుష్కలుడు.

"కంగారు కాదుటయ్యా! నీలం గుడ్డ ఎగిరింది, శంఖం కూడా ఊదారు. కొండల్లో వానకు ఏరు పొంగింది. ఏటి నీళ్ళు వెనక నుంచి, సముద్రపు పోటు ముందు నుంచి ఒక్కసారే వస్తాయి. మేట మీద పిట్ట కూడా మిగలదు" అంటూనే ఆమె ఆగిపోయింది. "అవునూ, పొద్దున నీతో వచ్చిన వాళ్ళేరి?"

పుష్కలుడు దిగ్గున లేచాడు. చేతిలో లోటా జారిపడింది. ఒడ్డుకు పరుగెత్తి చూశాడు. ముగ్గురూ మేట మీద సగం దూరంలో ఉన్నారు. శంఖం వినబడ్డప్పుడల్లా ఇటు తిరిగి సంతోషంగా చేతులు ఊపి, మళ్ళీ దిబ్బ వైపే నడుస్తున్నారు. పిల్లయితే ఎగిరెగిరి ఊపుతోంది.

బురుజు దగ్గర మాండవమ్మ నెత్తీ నోరూ బాదుకుంటోంది. "ఏం మనుషులమ్మా వీళ్ళు! చెవుడా? ఇంకా గట్టిగా ఊదండిరా!"

పుష్కలుడు చెప్పిన మాట ఇంకెవరూ వినలేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదని చెప్పను, వచ్చింది. కానీ పిల్ల చెయ్యి ఊపుతూనే ఉంది. ఇక అతని వల్ల కాలేదు.

"ఊదొద్దమ్మా, ఊదొద్దు!" అంటూ మాండవమ్మ ముందుకు ఉరికాడు. "ఊదినకొద్దీ ముందుకే పోతారు. శంఖం అంటే స్వాగతమని చెప్పాను. నీలం గుడ్డ మంచి శకునమని చెప్పాను. నాకు తెలియదమ్మా, తెలియకుండానే చెప్పేశాను!"

మాండవమ్మ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తిట్టడానికి అప్పుడు తీరిక ఎక్కడిది? "శంఖం ఆపండి! పడవ తియ్యండి!" అని అరిచింది. "నువ్వూ ఎక్కు. వాళ్ళు నమ్మింది నిన్నే కదా, నీ మాటే వింటారు."

పడవ కదిలింది. వెనక తెడ్డు పట్టుకుని మాండవమ్మ, ముందు కొమ్మున పుష్కలుడు నిలబడ్డారు. ఏటి వైపు నుంచి ఎర్రనీళ్ళు సుడులు తిరుగుతూ వస్తున్నాయి. చూస్తుండగానే మేట చాపంత సన్నబడింది. అప్పటికి కొండదేశం వాళ్ళకూ సంగతి అర్థమైంది. చమరుడు కూతుర్ని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. ఊర్ణ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పుష్కలయ్యా!" అని గొంతు చించుకున్నాడు చమరుడు. "ఎటు పోవాలి? దిబ్బ ఎక్కమంటావా? ఒడ్డుకు పరిగెత్తమంటావా?"

దిబ్బ ఎత్తుగా ఉంది, దగ్గరగానూ ఉంది. 'దిబ్బ ఎక్కండి' అన్న మాట పుష్కలుడి నాలుక చివరికి వచ్చేసింది. జీవితమంతా అలా వచ్చిన మాటే అనేవాడు కదా! ఈసారి పళ్ళు బిగించి దాన్ని మింగేశాడు.

"నాకు తెలియదు!" అని ఒడ్డంతా వినబడేలా అరిచాడు. "కదలకండి! అడిగి చెబుతాను!" వెనక్కి తిరిగి, "అమ్మా, ఎటు రమ్మనాలి?" అని అడిగాడు.

"ఎటూ వద్దు! దిబ్బ వైపు అసలే వద్దు. దాని ముందు ఇసుకను ఏరు కోసేస్తుంది. ఇప్పుడు నిలబడ్డదే గట్టి నేల. చేతులు పట్టుకుని అక్కడే ఉండమను" అంది మాండవమ్మ.

పుష్కలుడు ఆ మాటే అరిచి చెప్పాడు. వాళ్ళు నిలబడిపోయారు. మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి, నడుం దాకా వచ్చాయి. వాళ్ళకూ దిబ్బకూ మధ్య ఇసుక బుస్సుమని కుంగి, అక్కడ పెద్ద సుడి లేచింది. అటు అడుగు వేసి ఉంటే ఏమయ్యేదో అనుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. మరో నిమిషానికి పడవ చేరింది. పుష్కలుడు ముందు పిల్లను అందుకున్నాడు, తర్వాత తల్లిని, ఆఖరున చమరుణ్ణి. ముగ్గురూ పడవలో పడ్డాక గానీ ఎవరూ ఊపిరి పీల్చలేదు.

ఒడ్డున జనమంతా "హమ్మయ్య!" అన్నారు. కుంతలమ్మ కంబళ్ళు తెచ్చి కప్పింది, వేడి కషాయం పోసింది. ఊర్ణ కూతుర్ని ఒళ్ళో అదుముకుని ఏడుస్తోంది. చమరుడు లేచి వచ్చి పుష్కలుడి ముందు నిలబడ్డాడు. కొడతాడనే అందరూ అనుకున్నారు.

"నడి నీళ్ళలో అన్నావే, తెలియదని," అన్నాడు చమరుడు. "ఆ ఒక్క మాట పొద్దున్నే అనడానికి నీకు ఏం అడ్డమొచ్చిందయ్యా?"

"సిగ్గు అడ్డమొచ్చిందయ్యా" అన్నాడు పుష్కలుడు. తల పైకెత్తలేకపోయాడు. "నన్ను క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

చమరుడు అతని భుజం మీద చెయ్యి వేసి, పక్కన కూలబడ్డాడు. అంతసేపూ తల్లి ఒడిలోంచి సముద్రాన్నే చూస్తున్న ఇల, పుష్కలుడి వైపు తిరిగింది.

"మామయ్యా, ఇంత పోటు వస్తే చేపలకు భయం వెయ్యదా?"

అందరూ పుష్కలుడి మొహంలోకి చూశారు. అతను నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు.

"నాకు తెలియదమ్మా" అన్నాడు.

ఇల మాండవమ్మ వైపు చూసింది. రేవులోనే పుట్టి, రేవులోనే తల నెరిసిన ఆ పెద్దావిడ తడి కొంగు పిండుకుంటూ, "నాకూ తెలియదే పిల్లా!" అంది.

ఆ మాటకు ముందు నవ్వింది ఊర్ణే. ఏడుస్తూనే పకపకా నవ్వింది. చమరుడు నవ్వాడు, కుంతలమ్మ నవ్వింది, ఒడ్డంతా నవ్వింది. పుష్కలుడికి మాత్రం గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయినట్టయింది. 'తెలియదు' అని అంత తేలిగ్గా అనొచ్చని అతనికి ఆ రోజే తెలిసింది.

నీతి: తెలియనిది తెలియదని చెబితే పోయేది కాస్త బింకమే, తెలిసినట్టు చెబితే మనల్ని నమ్మినవాళ్ళ ప్రాణాలే పోవచ్చు.