ఏడాది పిల్ల పట్టుకున్న చిలక

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త పైడితల్లమ్మ. ఇంకెవరో కాదు. ఎండాకాలం వసారాలో చింతపండు కుప్ప పోసుకుని, పిక్కలు తీస్తూ చెప్పేది. మేం చుట్టూ చేరి ఆ పిక్కలు ఏరుకునేవాళ్ళం. మధ్యలో ఎవరైనా మాట తప్పు అందిస్తే, "పదండి మళ్ళీ మొదటికి" అనేది. కొత్త చింతపండు వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఏడు సముద్రాలూ కళ్ళముందుకొస్తాయి. ఆవిడ ఎలా చెప్పిందో అలాగే చెప్తున్నాను. వినండి.

రాజులు కూడా పొద్దున్నే చద్దన్నం తినే రోజుల్లో గుణశేఖరుడని ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు, ఒక్క కూతురు. కూతురు రత్నాంగికి ఆడపిల్ల పుట్టింది. బంగారి అని పేరు పెడదామనుకున్నారు.

బారసాల పెట్టుకున్నారు. ఆ కాలంలో శుభకార్యమంటే ఇంటి మనిషి స్వయంగా వెళ్ళి, చేతిలో తాంబూలం పెట్టి పిలవాలి. ఏడు సముద్రాల అవతల ధూమకంఠుడనే మాంత్రికుడున్నాడు. తాతల నాటి నుంచీ ఆ ఇంటికి పిలుపు వెళ్ళడం రివాజు. ఆ పిలుపు పెద్దకొడుకు వంతుకొచ్చింది. "అంత దూరం ఎవడు పోతాడు?" అని వాడు ఓడవాడితో నోటి కబురు పంపి ఊరుకున్నాడు.

కోపం రాదా మరి? ఎవరికైనా వస్తుంది.

ధూమకంఠుడు భుజం మీద చిలకతో వచ్చాడు. ఎవరూ పీట వెయ్యలేదు, పలకరించలేదు. నేరుగా ఉయ్యాల దగ్గరికి పోయి, "నోటి పిలుపు పిలిచారుగా! ఆ నోరే పట్టుకుపోతాను" అని, పిల్ల గొంతు తీసి చిలక గొంతులో పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పట్నించీ బంగారి ఏడిస్తే కన్నీళ్ళే, శబ్దం లేదు. నవ్వితే పెదవులే, శబ్దం లేదు. ముసలి దాది చెప్పింది, "ఏడాది నిండేలోగా గొంతు తిరిగి రావాలి. నిండిందా, ఇక రాదు."

పుట్టినరోజు దగ్గరపడింది. ఏం కానుక ఇవ్వాలా అని మేనమామలు ముగ్గురూ ఆలోచించారు. పెద్దమామ బంగారు ఉయ్యాల చేయించాడు. పిల్ల చూసి ఊరుకుంది. నడిపిమామ ముత్యాల గౌను కుట్టించాడు. పిల్ల చూసి ఊరుకుంది. చిన్నమామ మాత్రం ఏమీ తేకుండా అక్క దగ్గరికి వెళ్ళాడు.

"అక్కా, పిల్లకేం కావాలో నువ్వు చెప్పు."

"నాకు బంగారం వద్దురా తమ్ముడూ. ఎవరికీ చెప్పకు, పలుకులకి పంచాలని పంచదార చిలకలు పోయించి పెట్టుకున్నాను. పిల్ల పలికితేనే కదా పంచేది? దాని నోట ఒక్కసారి అమ్మా అని వినాలిరా."

"అయితే నా కానుక అదే. ఆ పంచదార చిలకలు మూట కట్టి ఇటివ్వు. దారిలో తింటాను."

"పిల్లకి పోయిస్తే నీకు చిరుతిండా! సిగ్గులేదూ?" అంటూనే అక్క మూట కట్టింది. దాంతోపాటు తన కుంకుమ భరిణె, తాంబూలం కూడా ఇచ్చింది.

పోయాడు, పోయాడు, ఒడ్డున తాబేలు కనపడింది. "ఆకలి బాబూ" అంది. ఒక చిలక పెట్టాడు. తాబేలు వీపుమీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. పోయాడు, పోయాడు, కాకి కనపడింది. "ఆకలి బాబూ" అంది. ఒక చిలక పెట్టాడు. కాకి ముందు ఎగురుతూ మాంత్రికుడి కోట చూపించింది. పోయాడు, పోయాడు, గుమ్మంలో చీమ కనపడింది. చీమ అడగక్కర్లేదు కదా, అప్పటికే మూట మీదుంది.

చీమ తాళం కన్నంలోంచి దూరిపోయి, చూసి వచ్చింది. "బాబూ, వాడి ప్రాణం ఆ చిలకలోనే ఉంది. మెడ తిప్పేస్తే వాడు సరి. కానీ ఆ చిలక పసిపిల్లలా 'ఉంగా ఉంగా' అంటోంది. చిలక పోతే ఆ గొంతూ పోతుంది."

చిన్నరాజు కత్తి గుమ్మం బయటే పెట్టేశాడు. లోపల మాంత్రికుడి కూతురు నాగమల్లి ఎదురొచ్చింది.

"కత్తి లేకుండా వచ్చావే! మా నాన్నని చంపడానికొచ్చే వాళ్ళని చాలామందిని చూశాను. నువ్వెందుకొచ్చావ్?"

"పిలవడానికి" అన్నాడు. కుంకుమ భరిణె తీసి ఆమె ముందు పెట్టాడు. "మా అక్క పంపింది. బొట్టు పెట్టుకోండి."

నాగమల్లి బొట్టు పెట్టుకుంది. ఆమెకి తెలిసి ఆ ఇంటికి భరిణె పట్టుకొచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ధూమకంఠుడు లోపల్నించి వచ్చాడు. చిన్నరాజు కాళ్ళకి దండం పెట్టి, తాంబూలం చేతిలో పెట్టాడు.

"మా మేనకోడలి మొదటి పుట్టినరోజు. తమరు పెద్దలు, తప్పకుండా రావాలి. వెనక జరిగింది మా ఇంటి తప్పే."

ధూమకంఠుడు తాంబూలం అటూ ఇటూ తిప్పి చూశాడు. పోకచెక్క కొరికి చూశాడు. "మంచి పోకే" అన్నాడు. "వస్తాను. భోంచేస్తాను. గొంతు మాత్రం ఇవ్వను."

"తమ ఇష్టం. భోజనానికే పిలుస్తున్నాను."

పుట్టినరోజు వచ్చింది. ధూమకంఠుడు భుజం మీద చిలకతో వచ్చాడు. ప్రాణం ఇంట్లో వదిలి ఎవరొస్తారు? కూతురు నాగమల్లీ వెంట వచ్చింది. చిన్నరాజు అందరికంటే ముందు పీట వేశాడు. పక్క పీట మీద తను కూర్చుని బంగారిని ఒళ్ళో పెట్టుకున్నాడు. పిల్ల ఉయ్యాల చూడలేదు, గౌను చూడలేదు. పచ్చటి చిలకని చూసింది. చెయ్యి చాచింది. తోక గట్టిగా పట్టేసింది.

"వదలమను! వదలమను!" ధూమకంఠుడు లాగబోయాడు.

దాది గట్టిగా అరిచింది. "అయ్యయ్యో! పుట్టినరోజునాడు పసిపిల్ల చేతిలోది లాక్కుంటారా నాయనా? ఎంత మర్యాద తెలిసిన ఇల్లు మీది!"

విస్తళ్ళ ముందున్న వాళ్ళందరూ అటే చూశారు. ధూమకంఠుడి చెయ్యి ఆగిపోయింది. మర్యాద తప్పారని అలిగినవాడు తను మర్యాద ఎలా తప్పుతాడు? కూతురి వంక చూశాడు. "ఇచ్చెయ్యి నాన్నా, ఎంతకాలం మోస్తావు ఆ కోపం?" అంది నాగమల్లి.

"సరే. చిలక పిల్లదే" అన్నాడు.

ఆ మాట అనగానే చిలక ముక్కు తెరిచింది. లోపలి గొంతు పిల్ల గొంతులోకి చేరింది. బంగారి కిలకిలా నవ్వింది. నవ్వి, వాళ్ళమ్మ వైపు తిరిగి, "అమ్మ" అంది.

రత్నాంగి పంచదార చిలకల పళ్ళెం కోసం లోపలికి పరిగెత్తింది. మూటకివ్వగా మిగిలినవి చాలక సగం విరిచి పంచింది.

ధూమకంఠుడు తిరిగి వెళ్ళలేదు. ప్రాణం ఏడాది పిల్ల చేతిలో ఉంటే ఎక్కడికి వెళ్తాడు? రోజూ చిలకకి జామకాయ కోసి పెడుతూ, పిల్లని ఆడిస్తూ అక్కడే ఉండిపోయాడు. చిన్నరాజుకీ నాగమల్లికీ పెళ్ళయింది. వాళ్ళు చాలాకాలం రాజ్యమేలారు. వాళ్ళ పాలనలో ఏ ఇంటికీ నోటి పిలుపు వెళ్ళలేదు.

మా మేనత్త చెప్పింది ఇంతవరకే. మొన్న మా మునిమనవరాలి పుట్టినరోజున మా తోడల్లుడి కొడుకు సింహాద్రప్పడు మైకు పట్టుకుని, ఈ కథ వాళ్ళ నాయనమ్మదన్నాడు. చిన్నరాజు చిలక మెడ విరిచేశాడన్నాడు. పిల్లలు బావురుమన్నారు. మా మేనత్త ఏనాడూ ఆ చిలకని చంపలేదు. నేను వాడితో మాట్లాడను. మీలో వాడికి దగ్గరివాళ్ళు ఎవరైనా ఉంటే, అదే మైకు చేతికిచ్చి, ఆ పిల్లల ముందే, చిలక బతికే ఉందని చెప్పించండి.