పెంటవ్వ విప్పిన మూట

మా తాతల తాతకు కూడా ఇది పాత కథే. ఏ రాజు, ఏ ఏడు అని అడగకండి, నాకూ తెలీదు. వాగు మాత్రం ఇదే వాగు, రేవు ఇదే రేవు.

ఆ రేవులో పెంటవ్వ అనే ముసలమ్మ ఊరి బట్టలు ఉతికేది. ముందు పుట్టినవాళ్లు దక్కలేదని, ఈమెను పెంట మీద దొర్లించి ఆ పేరు పెట్టారట. చదువు రాదు. వచ్చిందల్లా గుర్తులు. ఊరందరి బట్టలూ ఒక్క మూటలో వచ్చేవి, ఒక్క బానలో ఉడికేవి. అంచున నల్లజీడి రసంతో పెట్టిన చుక్కలు చూసి ఎవరివి వాళ్లకు చేర్చేది. ఆమె చేతిలో ఒక్క తువ్వాలైనా తప్పు గడప తొక్కలేదు.

ఒక ఏడు కరువొచ్చింది. రాజుగారి ధాన్యపు కొట్టును ఎవరో పగలగొట్టారు. కాపలావాణ్ణి చంపేశారు. మర్నాడు భటులు తొమ్మిదిమందిని పట్టుకున్నారు. అందులో పెంటవ్వ ఒక్కగానొక్క కొడుకు సాయిలు కూడా ఉన్నాడు. రాజు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"కలిసి దోచారు, కలిసే చస్తారు. నాలుగో నాడు తొమ్మిదిమందికీ ఉరి."

వాళ్లు విడిచిన బట్టలు అప్పటికే పెంటవ్వ మూటలో ఉన్నాయి. రేవులో విప్పి చూసింది. ఆరు పంచెలకు వడ్ల నూగు. అవి మోసినవాళ్లవి. ఒకదాని నిండా పల్లేరు కాయలు. వాడు పొదలో దాక్కుని, ఎవరైనా వస్తారేమోనని దారి చూశాడు. ఒకదానికి వాంతి మరక. వాడు జ్వరంతో మంచమే దిగలేదు. తొమ్మిదోదానికి నెత్తురు. అంచున మూడు చుక్కలు, తన ఇంటి గుర్తు.

నెత్తురు మరక తీయడం ఆమెకెంత పని? చన్నీళ్లు, గుప్పెడు చౌడు మట్టి. కానీ ఇక్కడ ఉతికితే ఆ నెత్తురు ఇంకొకడి మెడకు చుట్టుకుంటుంది. పెంటవ్వ కడుపు పట్టుకుని ఏడ్చింది. ఏడ్చి, ఉతకకుండానే మళ్లీ మూట కట్టింది.

మొదటి రోజు కోట వాకిట నిలబడింది. "మూట ఇప్పి చూడుండ్రి దొరా."

"తీర్పు అయిపోయింది, పో" అన్నాడు ద్వారపాలకుడు.

రెండో రోజు మంత్రి పల్లకీకి అడ్డం పడింది. "మూట ఇప్పి చూడుండ్రి దొరా."

"అందరూ ఒక్క తాను ముక్కలే, లే" అన్నాడు మంత్రి.

మూడో రోజు రాజు గుర్రానికే ఎదురు నిలిచింది. "మూట ఇప్పి చూడుండ్రి దొరా. అందరి బట్టలు ఒక్క బానలనే ఉడకబెడ్త. అట్లని అందరియి ఒక్కలింట్ల పడేస్తనా? మాసిన గుడ్డకే గుర్తు సూస్త. మనిషి పానానికి సూడొద్దా?"

రాజు గుర్రం దిగాడు. మూట విప్పించాడు. ఒక్కో పంచె ఎత్తి, ఒక్కో మనిషిని పిలిచి అడిగాడు. జ్వరం మనిషిని ఇంటికి పంపాడు. మోసిన ఆరుగురికీ ఏడాదిపాటు కొట్టు గోడ కట్టే పని వేశాడు. పల్లేరు కాయల వాడికి అందులో సగం.

చివరికి నెత్తురు పంచె మిగిలింది.

"ఈ మూడు చుక్కలు ఎవరివి?"

"నాయే దొరా. నా కొడుకుయి."

సాయిలు తల దించుకుని ఒప్పుకున్నాడు. రాజు పెంటవ్వ వైపు తిరిగాడు. "నీకు తెలిసే తెచ్చావా, అమ్మా?"

"తెలిసే తెచ్చిన."

ఒక రాజు, బట్టలుతికే మనిషిని అమ్మా అన్నాడు! ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడ నా ఒళ్లు జలదరిస్తుంది.

సాయిలు ఒక్కడికే ఉరి పడింది. పెంటవ్వ ఆ పంచెను అప్పుడు ఉతికింది. తెల్లగా ఉతికి, ఆరబెట్టి, కొడుక్కి తనే కట్టి సాగనంపింది.

ఇప్పటికీ ఈ చుట్టుపక్కల పదిమంది మీద ఒక్క నేరం మోపితే, పెద్దలు నడుమ ఒక మాసిన బట్టల మూట పెడతారు. "పెంటవ్వ మూట ఇప్పుండ్రి" అంటారు. అది విప్పేదాకా ఎవరూ నోరు తెరవరు. ఇక రేవులో అయితే, బట్టలుతికేవాళ్లు పొద్దున్నే మూట విప్పగానే ముందు తమ ఇంటి బట్ట ఏదో వెతుకుతారు. దాని మరకలు చూశాకే ఊరి బట్టల మీద చెయ్యి వేస్తారు.