అచ్చమాంబకు వచ్చిన మూడు పేర్లు

అనగనగనగా, నది సముద్రంలో కలిసే ముందు కాసేపు ఆలోచించుకున్నట్లు రెండు పాయలుగా చీలే చోట, వెన్నెలలంక అనే ఊరు ఉండేది పిల్లలూ. ఆ ఊళ్ళో ప్రతి ఉదయమూ మంచులోనే తెల్లవారేది. పడవలు కనపడేవి కావు, తెడ్ల చప్పుడు మాత్రం వినపడేది. కొబ్బరిచెట్ల మొదళ్ళు మాయమై, తలలు మాత్రం గాలిలో తేలుతున్నట్లు ఉండేవి.

ఆ లంకలో అచ్చమాంబ అనే ఆమె ఉండేది. ఆమె భర్త పడవ నడిపేవాడు. ఒక శ్రావణమాసంలో వరద వచ్చింది. పడవతో పాటు అతన్నీ, ఇంటితో పాటు ఇంట్లోని గరిటె దాకా అన్నిటినీ తీసుకుపోయింది. చంకలోని చంటిపిల్ల, ఒంటిమీది చీర, ఆ రెండే ఆమెకు మిగిలాయి.

ఊరివాళ్ళు మంచివాళ్ళు. ఆమెకు మళ్ళీ ఇల్లు కట్టిపెట్టారు. అచ్చమాంబ నాలుగిళ్ళలో దంపుళ్ళు దంచి, కూతురు పున్నాగను పెంచింది. పెద్దయ్యాక ఏటికి ఎగువన కొండదరి అనే ఊరికి ఇచ్చి పెళ్ళి చేసింది.

కూతురు కాపురానికి వెళ్ళిన మర్నాడు ఇల్లు ఉన్నట్టుండి పెద్దదైపోయినట్లు తోచింది ఆమెకు. ఆ రోజు ఏటి ఒడ్డున చెవి విరిగిన కూజా ఒకటి కనిపిస్తే, "పోనీలే, ఉండనీ" అని ఇంటికి తెచ్చుకుంది. ఆ తరువాత అంచు ఊడిన చేట. తెగిన వల. నీళ్ళలో కొట్టుకొచ్చిన కర్రదుంగలు. ఎవరో పారేసిన చినుగుల బొంత. సందెవేళ వాటి నడుమ కూర్చుంటే, అవన్నీ నిద్రపోయే పిల్లల్లా మెల్లగా ఊపిరి తీస్తున్నట్లు ఉండేది. ఆమెకు ఆ చప్పుడు హాయిగా ఉండేది. దేన్నయినా పారవేయబోతే మాత్రం చెయ్యి వణికేది. చెవుల్లో వరద హోరు మొదలయ్యేది. తిరిగి దాని చోట దాన్ని పెట్టేస్తే హోరు ఆగిపోయేది.

ఒకనాడు పొరుగింటి సూరమ్మ నిప్పు కోసం వచ్చింది. గడప దాటగానే కాలికి పగిలిన కుండ తగిలింది.

"ఇది ఇల్లా, చెత్తకుప్పా?" అంది సూరమ్మ నవ్వుతూ. "నిన్నింక చెత్తల అచ్చమ్మ అనాలి."

సూరమ్మ ఆ మాట అని మరిచిపోయింది. మాట మాత్రం ఊరుకోలేదు. సూరమ్మ కంటే ముందే నూతి దగ్గరికి వెళ్ళింది. అక్కడి నుంచి రేవుకు దిగింది. పొద్దు వాలేసరికి ఇసుకలో ఆడుకునే పిల్లలు దాన్ని పాటగా పాడుతున్నారు.

అచ్చమాంబ ఆ పాట విన్నది. ఏడవలేదు. వాకిలి ఊడ్వడానికి తీసిన చీపురును మూలన పెట్టేసింది. "చెత్తలదాని వాకిట్లో ముగ్గెందుకు?" అనుకుంది. కిటికీ మూసింది. తలుపు దగ్గరగా వేసుకుంది. మంచు దట్టంగా ఉన్న పూట మాత్రమే ఎవరికీ కనపడకుండా బయటికి వచ్చేది, వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి తీసుకుని లోపలికి వెళ్ళేది.

అలా కొంతకాలం గడిచింది. ఒకనాడు మంచు వల్ల దారి తెలియక మాణిక్యశెట్టి అనే వర్తకుడి పడవ లంక రేవులో ఆగింది. అత్తరు అమ్మే మనిషి. అతని మాటలు కూడా అత్తరు పూసినట్లే ఉండేవి. మంచినీళ్ళడగడానికి అచ్చమాంబ తలుపు తట్టాడు. తలుపు సందులోంచి లోపలి గుట్టలన్నీ చూశాడు.

"అమ్మా, లోకం విసిరేసినదాన్ని నువ్వు దాచిపెడుతున్నావు" అన్నాడు. "నిన్ను భద్రమ్మ అని పిలవాలి."

అబద్ధం ఆడాలని కాదు. తీయగా మాట్లాడటం అతని అలవాటు. వెళ్ళేముందు చిరిగిన తెరచాపలు రెండు ఆమె అరుగుమీద పెట్టి, "నీ దగ్గరయితే భద్రంగా ఉంటాయి తల్లీ" అని పడవెక్కాడు.

ఆ పేరు కూడా రేవు దాటి ఊళ్ళోకి నడిచింది. పిలవడానికి బాగుంది కదా, అందరూ పిలిచారు. "భద్రమ్మా, మా తాత మంచం కోడు విరిగింది, నీ దగ్గర ఉంచు." "భద్రమ్మా, ఈ తిరగలి సగమే ఉంది, పారేయడానికి మనసొప్పడం లేదు." వాళ్ళ ఇళ్ళు తేలికయ్యాయి. ఆమె ఇల్లు బరువెక్కింది. అచ్చమాంబ తల ఎత్తుకుని అన్నీ తీసుకుంది. మొదటి పేరు ఆమె తలుపు మూసింది. రెండో పేరు తెరిచింది కానీ, లోపలికి వచ్చేవాటి కోసమే తెరిచింది. చివరికి ఆమె పడుకోవడానికే చోటు లేక, అరుగుమీద స్తంభానికి చేరగిలబడి కునుకు తీసేది. కలలో వస్తువులన్నీ ఏరులా కదిలేవి, ఆమె వాటి మీద తేలుతూ ఎటో పోతుండేది.

అంతలో ఎగువ నుంచి వచ్చిన పడవవాడు కబురు తెచ్చాడు. పున్నాగకు నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు పుట్టింట్లోనే కదా, వస్తోంది.

అచ్చమాంబ గుండె పొంగింది. వెంటనే ఇంట్లోకి చూసింది, గుండె జారింది. చెవి విరిగిన కూజాను చేతిలోకి తీసుకుంది. "చెత్తలదానికి ఇల్లు సర్దడం చేతనవుతుందా?" అంది లోపల ఒక గొంతు. "భద్రమ్మ పారేస్తుందా?" అంది ఇంకో గొంతు. రెండు పేర్లూ చెరొక చెయ్యీ పట్టుకున్నట్లయింది. కూజాను ఎక్కడిదక్కడే పెట్టేసింది.

పున్నాగ వచ్చింది. తోడుగా ఆమె అత్తగారు తాయారమ్మ కూడా వచ్చింది. పున్నాగ గడపలో కాలు పెట్టిందో లేదో, గోడవారన పేర్చిన కుండలు జారి, దబదబా ఆమె కాళ్ళముందే పడి పగిలాయి. దెబ్బ తగల్లేదు. కానీ పిల్ల రెండు చేతులతో పొట్ట పట్టుకుని వెనక్కి అడుగు వేసింది.

"అమ్మా, నేనెక్కడ పడుకోను?" అని అడిగింది మెల్లగా.

అచ్చమాంబ కొంగుతో ముఖం కప్పుకుంది. "వదినగారూ, పిల్లను తీసుకెళ్ళిపోండి. నా ఇంట్లో నా బిడ్డకు చోటు లేదు" అంది.

తాయారమ్మ కోడలిని సూరమ్మ ఇంట్లో నడుము వాల్చమని పంపింది. అరుగుమీద చోటు లేకపోతే కింద మట్టిలోనే అచ్చమాంబ పక్కన కూర్చుంది.

"వదినా, వీటిలో దేన్నయినా పారేయబోతే నీకు ఏమవుతుంది?"

అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. అచ్చమాంబ చేతి వణుకు గురించి చెప్పింది. వరద హోరు గురించి చెప్పింది. చెబుతుంటే తనకే వింతగా ఉంది.

తాయారమ్మ ఆమెకు దగ్గరగా జరిగింది. "నా పెద్దకొడుకు పోయినప్పుడు నాకూ ఇంతే" అంది. "వాడు ముట్టుకున్నవి, ముట్టుకోనివి, అన్నీ దాచాను. మా ఆయన అన్నం వసారాలో తినేవాడు. ఒక ముసలి వైద్యుడు వచ్చి చూశాడు. దీన్ని విడువలేమి అంటారమ్మా, అంటే దేన్నీ విడవలేకపోవడం, చాలామందికి వస్తుంది అన్నాడు. జ్వరం వచ్చినవాణ్ణి మనం జ్వరమయ్య అని పిలుస్తామా? ఇది నీకు వచ్చింది, నువ్వు ఇది కాదు అన్నాడు. ఆ పూట నేను కడుపునిండా అన్నం తిన్నాను."

అచ్చమాంబ ఆ మాటను నోట్లో మెదిపి చూసుకుంది. విడువలేమి. చాలాకాలంగా తన ఇంట్లో తిష్ట వేసిన అతిథి పేరు ఇవాళ తెలిసినట్లయింది.

"ఈ పేరు నీకు సరిపోతుందో లేదో నువ్వే చూసుకో వదినా" అంది తాయారమ్మ. "బిగుతుగా ఉంటే తీసేయి. నేను పెట్టానని మోయకు."

మర్నాడు ఇద్దరూ గదిలోకి వెళ్ళారు. తాయారమ్మ తెగిన వలను చూపించి, "ఇది తీద్దామా?" అంది.

"నాకు విడువలేమి కదా వదినగారూ, నావల్ల కాదు" అంది అచ్చమాంబ, గడప దగ్గర చతికిలబడి.

"నువ్వెక్కడున్నావో తెలియడానికి ఆ పేరు చెప్పాను. అక్కడే కూర్చోమని కాదు" అంది తాయారమ్మ. గొంతు పెంచలేదు. చెయ్యి చాపి నిలబడింది.

అచ్చమాంబ ఆ చెయ్యి పట్టుకుని లేచింది. కూజాను తీసుకుంది. వరద వచ్చింది. చెవుల నిండా హోరు. తాయారమ్మ కూజాను లాక్కోలేదు, తొందరపెట్టలేదు, పక్కనే నిలబడింది. ఏ వరదయినా తీయక తప్పదు. హోరు సన్నగిల్లింది. అచ్చమాంబ నడిచి వెళ్ళి కూజాను వాకిట్లో దించింది. ఆకాశం అలాగే ఉంది. ఏరు అలాగే పారుతోంది.

ఆ తరువాత వల. ఆ తరువాత చేట. ఒక్కొక్కదానికీ వరద వచ్చింది, ఒక్కొక్కసారీ కాస్త తక్కువ నీళ్ళతో వచ్చింది.

సూరమ్మ వాకిట్లో నిలబడి చూస్తోంది. ఆమె ముఖం చిన్నబోయింది. "అచ్చమాంబా, నేనేం చెయ్యను?" అంది. ఆ పేరుతో ఎవరైనా పిలిచి ఎన్నాళ్ళయిందో.

"ఊరివాళ్ళు ఇచ్చినవి ఊరివాళ్ళకు చేర్చు" అంది అచ్చమాంబ.

సూరమ్మ ఇంటింటికీ చెప్పింది. తలలు వంచుకుని వచ్చి ఎవరివి వాళ్ళు తీసుకుపోయారు. తెరచాపలు మాణిక్యశెట్టికి పడవ మీద వెళ్ళాయి. కర్రదుంగలు వేడినీళ్ళ కాగు కిందికి పోయాయి. బొంతల గుట్టలో మెత్తని నేతచీరలు కొన్ని దొరికితే అచ్చమాంబ మురిసిపోయింది.

"చూశారా, దాచబట్టే కదా పొత్తిళ్ళకు పనికొచ్చాయి."

"పనికొచ్చాయి, ఇవి చాలు" అంది తాయారమ్మ. "మిగతావి?"

అచ్చమాంబ మిగతావాటిని తనే ఎత్తి ఆమె చేతికిచ్చింది.

ఇల్లంతా ఖాళీ అయిందని చెబితే కథ కల్ల అవుతుంది పిల్లలూ. వెనకగది అలాగే ఉండిపోయింది. ఏటి ఒడ్డున ఏదైనా కనిపిస్తే అచ్చమాంబ ఇప్పటికీ వంగి తీస్తుంది. ఒకనాడు తిరిగి పెట్టేస్తుంది, ఒకనాడు ఇంటికి తెస్తుంది. కానీ ముందుగదిలో నేల కనపడింది. ఆ నేలను అలికి, ముగ్గు పెట్టి, మంచం వేసింది.

ఆ మంచం మీదే పున్నాగకు ఆడపిల్ల పుట్టింది. చూడవచ్చిన ఆడవాళ్ళు చుట్టూ మూగారు.

"ఈ గొంతు చూస్తే గయ్యాళి అయ్యేలా ఉంది" అంది ఒకామె.

"కాదు, పిడికిలి చూడు, ఎంత గట్టిగా బిగించిందో. వట్టి పిసినారి" అంది ఇంకొకామె.

అచ్చమాంబ బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. "అప్పుడే ఏమీ అనకండమ్మా" అంది. "ముందు దీన్ని కాసేపు చూద్దాం."

 కిటికీలోంచి మంచు సన్నగా లోపలికి వచ్చి కరిగిపోతోంది. అందరూ బిడ్డనే చూస్తూ కూర్చున్నారు. ఆ పిడికిలిని ఎవరూ విప్పబోలేదు. బిడ్డ నిద్రలోకి జారుకుంటే, అది తనంతట తానే విచ్చుకుంది.

బాధకు పేరు పెడితే దారి దొరుకుతుంది, ఆ పేరే మనిషికి పెడితే దారి మూసుకుపోతుంది.