పాటల బాక్సు కాదండి

కొవ్వూరులో పాపారావనే టాక్సీ డ్రైవరు ఉండేవాడు; మంచివాడే కానీ, "తెలీదు" అన్న మాట అతని నోట ఎవరూ వినలేదు. నవ్వకండి, ఆ జబ్బు నాకూ ఉంది. మా ఇంట్లో మిక్సీ ఆగితే నేనే విప్పుతాను. తరవాత దాన్ని ఎవరూ బిగించలేరు.

పాపారావు ఒక పాత హైబ్రిడ్ కారు కొన్నాడు. అది కాసేపు పెట్రోలుతో, కాసేపు వెనకసీటు కింద ఉన్న పెద్ద బ్యాటరీతో నడిచేది. సీతారత్నం గారిని వారానికి మూడుసార్లు గోదావరి వంతెన మీదుగా రాజమండ్రికి డయాలసిస్ కోసం తీసుకెళ్లేవాడు. ఆవిడ వెనకసీట్లో, సీటు అంచున చిల్లులతో ఉన్న ఓ చిన్న జాలీ పక్కన కూర్చునేవారు.

వేసవి మొదట్లో ఆవిడ అడిగారు. "పాపారావూ, ఈ జాలీ గుయ్యిమంటోంది. ఏంటి బాబూ ఇది?"

"పాటల బాక్సండి," అన్నాడు పాపారావు.

"అయితే ఓ పాట పెట్టు."

"అది పాడైందండి. అందుకే అలా మూలుగుతోంది."

ఎండలు ముదిరాయి. మూలుగూ ముదిరింది. పాపారావు జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. కారులోని చల్లగాలి అందులోకి పోతోంది. ఏసీ గాలి దొంగదారిన జారిపోతోందని తేల్చేశాడు. తుండుగుడ్డ మడతపెట్టి జాలీలో కుక్కి, పైన కొత్త సీటు కవరు తొడిగాడు. చప్పుడు అణిగింది.

"బాగుచేసేశాను పిన్నిగారూ!" అన్నాడు.

నాలుగు రోజులకి స్టీరింగు ముందు ఎర్ర త్రికోణం వెలిగింది.

"అదేంటి బాబూ?"

"బండి హుషారుగా ఉందని గుర్తండి."

ఆ హుషారైన బండి మర్నాడు మిట్టమధ్యాహ్నం వంతెన నడుమ ఆగిపోయింది. సీతారత్నం గారికి పొద్దుటినుంచే కాళ్లు వాచి, ఆయాసంగా ఉంది. "ఆలస్యమైతే నా మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారేమో," అన్నారు. ఆ గొంతు విని పాపారావు కిందికి దూకాడు. రోడ్డుకి అడ్డం నిలబడి ఓ ఆటో ఆపాడు. ఆలస్యమైందని ఆస్పత్రిలో నర్సు కేకలేసింది, కానీ చివరి విడతలో ఆవిడకి చోటు దొరికింది. ఆవిడ బయటికొచ్చేదాకా అతను మంచినీళ్లు కూడా ముట్టలేదు.

మర్నాడు మెకానిక్ జిలానీ జాలీలోంచి తుండుగుడ్డ లాగాడు.

"ఎవరు కుక్కారు దీన్ని?"

"నేనే. అదేంటో నాకు... తెలీదు."

"ఇది బ్యాటరీకి ముక్కు, అన్నా. లోపల ఫ్యాను కారులోని చల్లగాలి పీల్చి బ్యాటరీ వేడెక్కకుండా చూస్తుంది. దుమ్ము పట్టి మూలిగింది. అప్పుడే దులిపిస్తే ఇంకో మూడేళ్లు వచ్చేదేమో. నువ్వు ముక్కు మూసేశావు. ఇక మార్చక తప్పదు."

పాపారావు వేయించాలనుకున్న మేడమెట్లు ఆ ఏటికి ఆగిపోయాయి. ఆ డబ్బుతో కొత్త బ్యాటరీ వచ్చింది. సీతారత్నం గారు మళ్లీ ఎక్కారు.

"పిన్నిగారూ, అది పాటల బాక్సు కాదండి," అన్నాడు తలొంచుకుని.

"నాకూ అనుమానమే బాబూ. నువ్వంత గట్టిగా చెబుతుంటే మళ్లీ అడగలేకపోయాను." స్టీరింగు ముందుకి వేలు చూపించి, "మరి ఆ పచ్చ గుర్తేంటి?" అన్నారు.

పాపారావు బుర్ర గోక్కున్నాడు. "తెలీదండి. జిలానీని అడిగి చెబుతాను."

ఆవిడ నిశ్చింతగా వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు.

నీతి: మనల్ని నమ్మి కూర్చున్నవాళ్లకి తోచిన జవాబు చెప్పడం కన్నా, "తెలీదు" అని ఒప్పుకుని తెలిసినవాళ్లని అడగడమే మేలు.